బుల్డోజరూ, బ్యాంకు ఉద్యోగీ

మోతనే సంగీతంగా మలిచే హార్ష్ నాయిస్ అనే రీతి గురించి ఎవరు చెప్పినా బుల్డోజర్ కథతోనే మొదలుపెడతారు. 1985 ఆగస్టులో టోక్యోలోని ఒక చిన్న కచేరీ హాలులో హనతరాష్ అనే ఒసాకా బృందం ప్రదర్శన ఇచ్చింది. బృందానికి నాయకుడైన యమతకా ఐ మట్టి తవ్వే యంత్రం ఎక్కి, హాలు గోడను బద్దలుకొట్టుకుంటూ వేదిక మీదికి వచ్చాడు. ఏం జరిగినా బాధ్యత తమదేనని ప్రేక్షకుల చేత ముందే కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. చివర్లో అతను పెట్రోలు బాంబు విసరబోతే పక్కనున్నవాళ్లు ఆపారనీ, హాలుకు జరిగిన నష్టం 6 లక్షల యెన్‌లనీ చెబుతారు. ఆ ప్రదర్శన ఫొటోలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. నాకు ఆ ఫొటోలంటే ఇష్టమే. అయితే ఈ కథను ఎన్నిచోట్ల చదివినా, అక్కడ వినిపించిన శబ్దం ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పకపోవడం నాకు మొదటినుంచీ వింతగానే ఉంది. ఒక సంగీతరీతికి మూలకథగా చలామణీ అవుతున్నదానిలో సంగీతం ఊసే లేదు.

నా వాదన ఇది. నాయిస్ నాలుగు దశాబ్దాలకు పైగా నిలబడడానికి కారణం విధ్వంసమూ, బూతు బొమ్మలూ, హంతకుల పేర్లూ కావు. అవి ఈ రీతికి పేరూ తెచ్చాయి, అపకీర్తీ తెచ్చాయి. కానీ వాటినే నమ్ముకున్నవాళ్లు కొన్నాళ్లకే చేసిందే చేస్తూ, చెప్పిందే చెబుతూ అరిగిపోయారు. నిలబడినవాళ్లు శబ్దాన్నే పట్టుకుని, తమ చుట్టూ తామే కఠినమైన హద్దులు గీసుకుని, ఎవరూ చూడకపోయినా ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు. వాళ్లలో ఒకరు నిజంగానే బ్యాంకు ఉద్యోగి. ఆయన దగ్గరికి వచ్చేలోపు ఈ శబ్దం ఎలాంటిదో కొంత చెప్పాలి.

హార్ష్ నాయిస్‌లో రాగం ఉండదు, తాళం ఉండదు, పల్లవీ చరణాలూ ఉండవు, చాలాసార్లు ఇదీ శ్రుతి అని పట్టుకోవడానికి ఆధార స్వరం కూడా దొరకదు. మెర్జ్‌బో అనే పేరుతో మసామి అకిటా 1996లో తెచ్చిన ‘పల్స్ డీమన్’నే తీసుకుందాం, ఈ సంగీతం ఎన్నడూ విననివాళ్లు కూడా వెండిరంగులో అలలు తిరిగే దాని అట్టను ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ప్లే నొక్కగానే, ఉపోద్ఘాతమేమీ లేకుండా హోరు మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. మొదటి మూడు నాలుగు నిమిషాలు చెవి దాన్ని ఒకే ముద్దగా వింటుంది, ఆపేయమని మొరపెట్టుకుంటుంది. ఆపకుండా కూర్చుంటే ముద్ద విడిపోవడం మొదలవుతుంది. అడుగున ఒళ్లు అదిరే మంద్రపు కంపన, మధ్యలో ఎడతెగని గరగర, అన్నిటికీ పైన చెవిని గీరే సన్నని కీచు వేర్వేరుగా వినిపిస్తాయి. ఒక్కోటి ఒక్కో వేగంతో మారుతుంది. ఒక పొర ఉబ్బుతున్నప్పుడే ఇంకొకటి తెగిపోతుంది. తెగినచోట క్షణకాలం ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీలోకి మరో మోత వచ్చి పడుతుంది. అకిటా పనితనమంతా ఆ కోతల్లో ఉంది.

‘అంతా ఒకటే మోత, స్టేషను దొరకని రేడియో పెట్టుకున్నా ఇదే వస్తుంది’ అనేవాళ్లకు ఇక్కడే జవాబుంది. వైట్ నాయిస్‌లో అన్ని పౌనఃపున్యాలూ సమానమైన శక్తితో ఉంటాయి, అందులో ఒక నిమిషానికీ మరో నిమిషానికీ చెవికి తెలిసే తేడా ఉండదు. అందుకే దాన్ని పెట్టి పసిపిల్లల్ని నిద్రపుచ్చుతున్నారు. ‘పల్స్ డీమన్’ పెట్టి ఎవరినీ నిద్రపుచ్చలేం. వచ్చే క్షణంలో ఏం జరుగుతుందో ఊహించే పని చెవి మానదు, ఆ ఊహ నెగ్గనివ్వకుండా అకిటా అడ్డుపడుతూనే ఉంటాడు. 70 నిమిషాలకు పైగా ఆ పెనుగులాటను సాగదీయడం అల్లాటప్పా పని కాదు.

ఈ శబ్దాన్ని పుట్టించే సరంజామా మాత్రం చాలా చవక. కాంటాక్ట్ మైక్ గాలిలోని ధ్వనిని పట్టించుకోదు, తాను అంటుకున్న వస్తువు వణుకునే పట్టుకుంటుంది. బజర్లలో ఉండే పీజో బిళ్ళ ఒక్కటి ఉంటే అది తయారవుతుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగితే ‘బజర్‌కా అన్నా?’ అంటూ గుప్పెడు తీసి కౌంటరు మీద పోస్తారు. అలా తెచ్చుకున్న ఒక ఇత్తడి బిళ్ళకు రెండు వైర్లు సోల్డరింగ్ చేసి, స్టీలు డబ్బా మూతకు టేపుతో అంటించి, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ మీదుగా చిన్న గిటారు ఆంప్లిఫయరుకు కలిపాను. మూత మీద గోటితో గీస్తే చాలు, రేకుల షెడ్డు కూలినంత మోత వచ్చింది. అంతవరకూ ఎవరైనా చేయగలరు. కష్టమంతా ఆ తరవాతే.

ఆంప్లిఫయరు మోతకు మూత తనంతట తానే వణకడం మొదలుపెడుతుంది. ఆ వణుకును బిళ్ళ మళ్లీ పట్టుకుంటుంది, పెడల్ దాన్ని పెంచుతుంది, స్పీకరు మళ్లీ మూతను వణికిస్తుంది. సభల్లో మైకు స్పీకరుకు ఎదురుపడగానే వచ్చే కూత ఇదే, దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మూతను ఒక అంగుళం జరిపితే కూత స్థాయి మారుతుంది. పెడల్ మీద టోన్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పితే కూత చీలి గరగరగా మారుతుంది, ఇంకాస్త తిప్పితే మొత్తం చల్లారిపోతుంది. కూతగా స్థిరపడిపోకుండా, చల్లారిపోకుండా, ఆ రెంటి మధ్యనున్న సన్నని చోట శబ్దాన్ని నిలిపి ఉంచాలంటే రెండు చేతులూ, చెవీ ఒక్క క్షణం కూడా ఏమరకూడదు. ఈ రీతిలో పెద్దలనదగినవాళ్లు అక్కడ అరగంట, గంట నిలవగలిగినవాళ్లు. పెడల్స్ వరస మీద వరస పేర్చుకుని చివర్లో అన్నిటినీ ఒకేసారి తొక్కేవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు.

పూర్వచరిత్రను రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే అది అందరూ రాసేదే. ఇటలీకి చెందిన చిత్రకారుడు లూయీజీ రుస్సోలో 1913లో శబ్దాల కళ గురించి ప్రకటన రాసి, మోతలు చేసే పెట్టెల్లాంటి వాయిద్యాలు తయారుచేసి, మరుసటి ఏడాది మిలాన్‌లో వాయించి గొడవ తెచ్చుకున్నాడు. ఆ వాయిద్యాలు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. 1948లో పారిస్‌లో పియెర్ షేఫర్ రైలు చప్పుళ్లను రికార్డు చేసి వాటితోనే సంగీతం కూర్చాడు. 1975లో అమెరికా రాక్ గాయకుడు లూ రీడ్ గిటారు ఫీడ్‌బ్యాక్ తప్ప మరేమీ లేని జంట ఎల్‌పీని పెద్ద కంపెనీ చేత విడుదల చేయించాడు. ఒక్కో వైపు నిడివి 16 నిమిషాల 1 సెకను అని అచ్చువేసి, చివరి వైపు ముల్లు గాడిలో చిక్కుకుని ఎప్పటికీ తిరిగేలా చేశాడు. ఇవన్నీ గొప్పవే. కానీ వీటిలో ఏ ఒక్కటీ తరవాతి రోజుకు ఒక సంప్రదాయంగా మిగల్లేదు. చేసినవాడు చేసి ఊరుకున్నాడు.

సంప్రదాయంగా మారిన మొదటి తంతు ఇంగ్లండులో జరిగింది, అక్కడే దారి తప్పింది కూడా. త్రాబింగ్ గ్రిసిల్ బృందం 1976లో లండన్‌లో పెట్టిన ప్రదర్శన చూసి ఒక పార్లమెంటు సభ్యుడు వీళ్లు నాగరికత విధ్వంసకులన్నాడు. బృందం ఆ తిట్టును బిరుదులాగే మోసింది. 1980లో విలియం బెనెట్ వైట్‌హౌస్ అనే బృందాన్ని స్థాపించాడు. చెవులు చిల్లులు పడే సింథసైజర్ కీచులు, వాటిమీద అరుపులు. దీనికి పవర్ ఎలక్ట్రానిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. శబ్దపరంగా చూస్తే మొదటి ఆల్బమ్‌లలో నిజంగానే కొత్తదనం ఉంది, పైనున్న కీచుకూ అడుగునున్న మూలుగుకూ మధ్య ఏమీ లేని ఆ వెలితి అంతకు ముందు ఎవరూ చేయనిది. అయితే ఆల్బమ్ ఒకటి వరస హత్యలు చేసినవాడికి అంకితం, ఇంకొకదానికి నాజీల నిర్బంధ శిబిరం ఒకదాని పేరు.

ఈ పేర్లు సమాజానికి అద్దం పట్టడానికే పెట్టామని ఆ రీతివాళ్లు ఇచ్చే సంజాయిషీని నేను చాలాకాలం విన్నాను, ఇక వినదలచుకోలేదు. అద్దం పట్టేవాడు ఏదో ఒక వైపు నిలబడాలి. ఎటువైపు నిలబడ్డారో చెప్పకపోవడమే తమ కళ అని వీళ్లన్నారు, ఆ సందులోంచి నిజంగానే అటువైపు నిలబడినవాళ్లు లోపలికి వచ్చారు. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఈనాటికీ కొన్ని లేబుళ్ల, అంటే రికార్డు కంపెనీల, కేటలాగులు తిరగేస్తే ఫాసిస్టు గుర్తులు వ్యంగ్యమా విశ్వాసమా తెలియని స్థితి ఉంది. అంతకన్నా నాకు ముఖ్యమైన ఫిర్యాదు సంగీతానికి సంబంధించినది. భయపెట్టడమే లక్ష్యమైనప్పుడు వినేవాడికి భయం అలవాటైన రోజున చేతిలో ఏమీ మిగలదు. బెనెట్ స్వయంగా 2008లో వైట్‌హౌస్‌ను చాలించుకుని, కట్ హ్యాండ్స్ పేరుతో ఆఫ్రికా తాళవాద్యాల వైపు వెళ్లిపోయాడు. వెనక అనుకరించేవాళ్లు మాత్రం 1982లోనే ఉండిపోయారు.

జపాన్‌లోనూ మొదలు ఇలాంటిదే. 1979లో క్యోటోలో హిజోకైదాన్ ఏర్పడింది. డ్రగ్‌స్టోర్ అనే చిన్న కెఫేలో చేరి, ఎక్కడెక్కడి వింత రికార్డులూ వినే కుర్రవాళ్ల గుంపులోంచి పుట్టిన బృందమిది. తొలి ప్రదర్శనల్లో సామాన్లు పగలగొట్టడం, చేపల పేగులు విసరడం, వేదిక మీదే మూత్రం పోయడం వంటివి జరిగాయి, హాళ్లవాళ్లు తరిమేశారు. అయితే వైట్‌హౌస్‌కూ వీళ్లకూ ఒక తేడా ఉంది. హిజోకైదాన్ ఆ గందరగోళాన్ని సిద్ధాంతం చేయలేదు. కొన్నేళ్లలో అది దానంతటదే రాలిపోయి, గిటారు ఫీడ్‌బ్యాక్ గోడ మిగిలింది, దాని మధ్యలో బృందంలోని జుంకో అనే ఆమె కేక మిగిలింది. ఆమె వేదిక మీద పెద్దగా కదలదు, ఒంటి మీద ఏ అలంకారమూ ఉండదు. నిలబడి కేక వేస్తుంది. ఆ కేకలో కోపం లేదు, ఏడుపు లేదు, మాట లేదు. ఎంతసేపు విన్నా దానికి కారణం దొరకదు. అదే బృందంలోని జోజో హిరోషిగె 1984లో ఒసాకాలో ఆల్కెమీ రికార్డ్స్ అనే కంపెనీ పెట్టి, ఈ గుంపు పనిని వరసగా అచ్చువేయడం మొదలుపెట్టాక, అల్లరి ఒక వృత్తిగా స్థిరపడింది.

ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి. తోషిజీ మికావా 1981లో ఒసాకాలో ఇన్‌కెపాసిటెంట్స్ అనే బృందాన్ని ఒంటరిగా మొదలుపెట్టాడు. ఉద్యోగరీత్యా టోక్యో చేరాక ఫుమియో కోసకాయి తోడయ్యాడు; ఆయన ప్రభుత్వోద్యోగి. అప్పటినుంచీ ఇద్దరే. వీళ్లు పెట్టుకున్న నియమం ఒకటే: స్వచ్ఛమైన నాయిస్ తప్ప ఇంకేదీ కూడదు. తాళమనిపించేది కూడదు, పాటనిపించేది కూడదు, సంగీతకారుడి ఉద్దేశం ఇదీ అని తెలిసేది కూడా కూడదు. అట్టల మీద శవాలు లేవు, హంతకులు లేరు. నడివయసు దాటిన ఇద్దరు మనుషులు రెండు బల్లల ముందు, చిక్కుపడిన తీగలూ చిన్న చిన్న పెట్టెలూ ముందు పెట్టుకుని, వేళ్ల నుంచి మెడ దాకా వణుకుతూ, మైకు నోట్లో పెట్టుకుని అరుస్తూ కనిపిస్తారు. చూస్తే ముందు నవ్వొస్తుంది. వాళ్లకూ ఆ నవ్వు గురించి తెలుసు, పట్టించుకోరు.

1995 నాటి ‘యాజ్ లౌడ్ యాజ్ పాసిబుల్’ వినండి. వైట్‌హౌస్ ఆల్బమ్ మిమ్మల్ని గది మూలకు నెట్టి వేలు చూపిస్తుంది. ఇన్‌కెపాసిటెంట్స్ ఎవరివైపూ చూడరు. వాళ్ల హోరులో శత్రువు లేడు. పొరలన్నీ ఒకదానినొకటి తోసుకుంటూ పైకి పోతూనే ఉంటాయి. ఇక ఇంతకన్నా పైకి చోటు లేదనుకున్నప్పుడు అడుగున ఏదో ఒకటి కదిలి మొత్తం నేల మారిపోతుంది. దీన్ని ఆనందమనడానికి నాకు సంకోచం లేదు. పగలంతా ఎదుటివాళ్ల అంకెలు చూసుకునే మనిషి రాత్రి కట్టలు తెంచుకున్నాడని దీనికి సులువైన కథ అల్లవచ్చు, చాలామంది అల్లారు. నాకు తోచేది వేరు. జీతం రావడం వల్లే ఆయన ఎవరినీ మెప్పించనవసరం లేకపోయింది, వార్తల్లోకి ఎక్కనవసరం లేకపోయింది. హాలు గోడ కూల్చినవాడికి మరుసటి నెల ఇంకా పెద్ద గోడ కావాలి. మికావాకు అదే బల్ల, అవే పెట్టెలు చాలాయి. యమతకా ఐ కూడా ఈ సంగతి త్వరగానే గ్రహించినట్టున్నాడు. గోడల పని వదిలి బోర్‌డమ్స్ అనే మరో బృందంలో లయ వైపు వెళ్లాడు, 1990లలో అమెరికాలో పేరుమోసిన రాక్ బృందం నిర్వాణాకు ముందు వాయించే స్థాయికి ఆ బృందం చేరింది.

హద్దు గీసుకోవడంలో అందరినీ మించినవాడు ఔబ్ పేరుతో పనిచేసిన అకిఫుమి నకజిమా. ఒక్కో ఆల్బమ్‌కు ఒకే ఒక్క ధ్వనిమూలం అన్నది ఆయన నియమం. ఒకదానికి నీరు, ఒకదానికి ఉక్కు, ఇంకొకదానికి ట్యూబులైటు, 1998లో ఒకదానికి బైబిల్ పుటలు. పుటలు తిప్పినప్పుడూ, నలిపినప్పుడూ, చించినప్పుడూ వచ్చే చప్పుడు తప్ప మరొకటి వాడకుండా, సన్నని గుసగుస నుంచి గది నిండే గర్జన దాకా తీసుకుపోయాడు. బైబిలును చించడమనేది ఎవరి చేతిలో పడినా రచ్చగా మారే విషయం, నకజిమా చేతిలో అది కాగితం మందానికి సంబంధించిన విషయమైంది. ఆయన 2013లో మరణించాడు. ఆయన లేని లోటు గురించి ఈ రీతిలో ఎవరూ తగినంతగా రాయలేదని నా అభిప్రాయం.

మళ్లీ మెర్జ్‌బో దగ్గరికి. నా వాదనకు గట్టి పరీక్ష ఆయనే, ఎందుకంటే ఆయన మొదలైంది కూడా బూతు బొమ్మలతోనే. చిత్రకళ చదువుకున్న అకిటా, హానోవర్‌లో జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ చెత్తాచెదారంతో తన ఇంట్లోనే కట్టిన మెర్జ్‌బౌ అనే కట్టడం పేరు పెట్టుకుని 1979లో పని మొదలుపెట్టాడు. ఆ కట్టడం 1943 బాంబుదాడిలో ధ్వంసమైంది. సొంతంగా క్యాసెట్లు కాపీ చేసి, పారేసిన పత్రికల్లోంచి కత్తిరించిన అశ్లీల చిత్రాలను జిరాక్స్ తీసి చుట్టి, పోస్టులో దేశదేశాలకు పంపేవాడు. 1984లో వచ్చిన ఒక క్యాసెట్ల కట్టకు దాని బరువునే పేరులో పెట్టాడు, కిలో అని. 2000లో ఒక ఆస్ట్రేలియా లేబుల్ ఆయన 1979 నుంచి 1997 దాకా చేసినదాన్ని 50 సీడీల పెట్టెగా తెచ్చింది. 1999 ప్రాంతంలో ఆయన పెట్టెలూ తీగలూ పక్కనబెట్టి ల్యాప్‌టాప్‌కు మారాడు, దశాబ్దం గడిచాక మళ్లీ చేత్తో చేసుకున్న వాయిద్యాల వైపు వచ్చాడు.

ఈలోగా ఇంకొకటి జరిగింది. ఆయన మాంసం మానేశాడు, జంతుహింసకు వ్యతిరేకి అయ్యాడు, అట్టల మీదికి కోళ్లూ పక్షులూ వచ్చాయి. మినాజో అనే ఏనుగు సీలు జపాన్‌లోని ఒక అక్వేరియంలో చనిపోతే, 2006లో దాని పేరుతోనే ఆల్బమ్ తెచ్చాడు. తాళ్లతో కట్టిన ఆడవాళ్ల బొమ్మలున్నచోట సీలు బొమ్మ వచ్చింది. శబ్దం మెత్తబడిందా? అణుమాత్రమూ మెత్తబడలేదు. ఆ బొమ్మలు తీసేస్తే ఈ సంగీతానికి కోరలు పోతాయని వాదించినవాళ్లందరికీ ఇంతకన్నా తిరుగులేని జవాబు నాకు దొరకలేదు.

ఈ జపాన్ గుంపులకు ‘జాపనాయిస్’ అని ఒకే పేరు తగిలించింది ఎక్కువగా బయటివాళ్లే. ఒసాకాలోనో టోక్యోలోనో కొద్దిమంది ఎదుట వాయించుకునేవాళ్లు, సముద్రాలు దాటి వెళ్లిన క్యాసెట్ల పుణ్యమా అని ఒక ఉద్యమంగా కనిపించారు. అమెరికాలో దీనికి నాకు నచ్చిన స్థావరం మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్‌లో రాన్ లెసార్డ్ నడిపిన ఆర్‌ఆర్‌ఆర్ రికార్డ్స్. ఆయన పాత పాప్ పాటల క్యాసెట్లను తీసుకుని, వాటి మీదే నాయిస్ రికార్డు చేసి, పెట్టెకు డక్ట్ టేపు చుట్టి, మార్కరుతో పేరు రాసి అమ్మేవాడు. కొన్ని కాపీల్లో వైపు అయిపోయే చోట కింద మిగిలిన పాత పాట తల ఎత్తుతుంది. ఎంతో ప్రేమతో మోత విన్నవాడికి చివర్లో ఎవరిదో పాత హిట్టు పాట వినిపించడంలో ఉన్న హాస్యం, ఈ రీతి గురించి గంభీరంగా రాసే మాబోటివాళ్లకు ఒక చురక. ఆపైన రిలాప్స్ వంటి హెవీ మెటల్ రికార్డుల కంపెనీలు మెర్జ్‌బోను అచ్చువేయడంతో హెవీ మెటల్ శ్రోతలూ ఇటు తిరిగారు.

హద్దులు గీసుకునే ఈ ధోరణి చివరికి చేరిన చోటు హార్ష్ నాయిస్ వాల్, అంటే మోత గోడ. కెనడాలో ది రీటా పేరుతో పనిచేసే శామ్ మెకిన్లే, ఫ్రాన్సులో వోమిర్ పేరుతో పనిచేసే రొమేన్ పెరో దీనికి ఇద్దరు దిక్కులు. అకిటా కోతలు ఇక్కడ లేవు. మొదటి సెకనులో ఉన్న గరగర చివరి సెకనులోనూ అలాగే ఉంటుంది, గంటసేపు. మార్పు వద్దు, ఎదుగుదల వద్దు, ఆలోచన వద్దు అని వోమిర్ ప్రకటన పత్రమే రాశాడు. ప్రదర్శనలో తల మీద నల్లని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ప్రేక్షకులకు కూడా పంచుతాడు. సంచి నాకు నచ్చదు, అది మళ్లీ పాత బుల్డోజర్ పనే. శబ్దం మాత్రం నచ్చుతుంది, అదీ ఒక షరతుతో. మెకిన్లే 2006లో తెచ్చిన ‘థౌజండ్స్ ఆఫ్ డెడ్ గాడ్స్’కు మూలం సముద్రంలో పంజరం దించి సొరచేపలను చూసే డైవింగు ధ్వనులు, ఆయన బ్యాలే బూట్ల చప్పుడును కూడా ఇలాగే గోడగా మలిచాడు. వినేటప్పుడు సొరచేప వినపడదు, నీళ్లూ వినపడవు. కానీ ఆ గరగరకున్న గింజ, అంటే దాని రేణువుల తీరు, ఇంకెక్కడా దొరకని ఒక ప్రత్యేకమైన గింజ. వోమిర్ గోడలో గింజ ఎక్కడినుంచి వచ్చినా ఒకటే. ఇద్దరిలో నేను మెకిన్లే పక్షం.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబివ్వాలి. షాక్ లేకపోతే ఈ సంగీతాన్ని బజారు ఎప్పుడో మింగేసేది, అసహ్యమే దానికి కంచె అని చాలామంది నమ్ముతారు. జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. పారిశ్రామిక శిథిలాలు, శస్త్రచికిత్స బొమ్మలు, తోలు దుస్తులు, హంతకుల పట్ల మోజు వంటివన్నీ 1990లలోనే రాక్ వీడియోల్లోకీ, టీషర్టుల మీదికీ ఎక్కి అమ్ముడుపోయాయి. కొనడానికి ఎవరూ ముందుకు రానిది 70 నిమిషాల హోరు ఒక్కటే. హిజోకైదాన్ 2013లో బిస్ అనే అమ్మాయిల ఐడల్ (జపాన్ పాప్) బృందంతో కలిసి ఆల్బమ్ చేస్తే, కంప్యూటర్ గాయని హత్సునె మికుతో మరో జట్టు కడితే, దాన్ని పతనమన్నవాళ్లున్నారు. నేనైతే రెండూ సరదాగా విన్నాను. ఐడల్ పాట కింద ఫీడ్‌బ్యాక్ ఫీడ్‌బ్యాక్‌లాగే ఉంది.

మరో అభ్యంతరం మన ఊళ్ల నుంచే వస్తుంది: పెళ్లి బారాత్‌లోనూ, నిమజ్జనంలోనూ డీజే బాక్సుల మోత చాలదా, డబ్బిచ్చి మరీ కొనుక్కోవాలా అని. చట్టప్రకారం మన నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన 2000 నుంచీ ఉన్నా అది ఎక్కడ అమలవుతోందో అందరికీ తెలుసు కాబట్టి, ప్రశ్న న్యాయమైనదే. బారాత్ మోత మన కిటికీ లోపలికి అడక్కుండా వస్తుంది. నాయిస్ కచేరీకి వెళ్లేవాడు తెలిసి వెళతాడు, ఇష్టం లేకపోతే తలుపు తీసుకుని బయటికి పోతాడు. బుల్డోజర్ కచేరీలో కూడా సంతకం పెట్టి లోపలికి వెళ్లారు కదా.

బిగ్గరతనం గురించి కూడా నా నమ్మకం నాయిస్ అభిమానులకు అంతగా రుచించదు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు చెవికి సురక్షితమనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలు మిగులుతాయి. చిన్న హాళ్లలో దీన్ని దాటడం మామూలే, చెవిలో ఇయర్‌ప్లగ్ లేకుండా వెళ్లడం వీరత్వమేమీ కాదు. పైగా ఇప్పుడు స్ట్రీమింగ్ సేవలు పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెస్తున్నాయి. స్పాటిఫై అయితే సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (ఇది బిగ్గరతనానికి కొలత) దించుతుంది, దాంతో తొంభైల్లో ఎక్కడ లేని మోతతో మాస్టరింగ్ చేసిన సీడీలు పక్కనున్న మెలోడీ పాట కన్నా ఎక్కువ వినపడవు. ఇది ద్రోహమని గోలపెట్టేవాళ్లున్నారు. నాకిది మంచి గీటురాయిగా తోస్తుంది. బిగ్గరతనం తీసేశాక కూడా పొరలూ కోతలూ గింజా మిగిలితే అందులో సంగీతముంది, మిగలకపోతే వాల్యూమ్ నాబ్ తప్ప ఏమీ లేదు.

ఫైళ్ల విషయంలోనూ నాయిస్ మొండిగానే ఉంది. నాణ్యత పోకుండా ఫైలును కుదించే ఫ్లాక్ వంటి పద్ధతులు ముందు వచ్చిన శాంపిల్స్‌ను (ధ్వని తునకలను) బట్టి వచ్చేదాన్ని ఊహించి, ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే దాచుకుని ఫైలును చిన్నది చేస్తాయి. పాటలో ఊహ ఎక్కువగా ఫలిస్తుంది కనుక చాలా చోటు మిగులుతుంది. హార్ష్ నాయిస్‌లో ఊహ ఫలించదు, ఫైలు పెద్దగా తగ్గదు. ఎంపీత్రీ ఇంకా ఇబ్బంది పడుతుంది; తక్కువ బిట్‌రేటులో కీచు పొర నీళ్లలో కలిసినట్టు సుడులు తిరుగుతుంది, అకిటా అంచులన్నీ మొద్దుబారతాయి. కాబట్టి నాణ్యమైన ఫైలు గానీ పాత సీడీ గానీ సంపాదించుకోవడం మేలు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేను ‘పల్స్ డీమన్’ చెప్పను. ఔబ్ నీటి ఆల్బమ్‌లలో ఏదో ఒకటి ముందు వినమంటాను, ఒకే మూలం ఎన్ని రకాలుగా మారుతుందో అక్కడ తెరిచిన పుస్తకంలా తెలుస్తుంది. ఆ తరవాత ఇన్‌కెపాసిటెంట్స్, ఆ తరవాతే మెర్జ్‌బో. ఇయర్‌ఫోన్లు వద్దు, స్పీకర్ల మీద, మాట వినపడేంత స్థాయిలో పెట్టుకోండి. మొదటి పది నిమిషాల్లో నచ్చకపోతే ఆపేయడంలో తప్పులేదు, కానీ నాలుగో నిమిషంలో మాత్రం ఆపవద్దు.